మా సాలగ్రామమును హిల్డాదేవి పామును

మేమనగా తోడికోడండ్ర మిద్దరము. గౌతమీతీరమున కోనసీమలోని యొక లోగిలికి కోడండ్రమై వచ్చి, యొకరి వెనుక నొకరము ముసలివారమైతిమి. ఈ మాటలు మాలో పెద్దవారు చెప్పుచుండగా చిన్నది వ్రాయుచున్నది. ఎవరి మాట యెచ్చట ముగిసినదో, యెవరిది యెచ్చట మొదలైనదో మాకే తెలియదు. కావున సోదరీమణులు దీనిని మా యిద్దరి మాటగానే చదువుకొన వేడెదము.

మా యింటి దేవతార్చనలో ఐదు సాలగ్రామములు గలవు. మా మామగారి తాతగారు కాశీయాత్ర కేగినపుడు ఒక బైరాగివలన సంపాదించిరని చెప్పుదురు. నాలుగింటికి చిన్న రంధ్రము తప్ప వేరు చిహ్నము లేదు. ఐదవది యెన్నడో రెండు చెక్కలైనది. మూసినచో నల్లని గుండు. తెరచినచో లోపల చుట్టలు చుట్టుకొన్న చక్రము. సాలగ్రామము పగిలినను పూజకు పనికివచ్చునని పెద్దలమాట గావున అదియు తక్కినవానితో పాటు పూజ లందుకొనుచు వచ్చినది.

ఈ చక్రమును మేము దగ్గరగా చూచి యెరుగము. తెల్లవారుజామున తడిబట్టతో నూతినుండి మడినీళ్లు తెచ్చినవారము మేము. గంధము తీసినవారము, తులసిదళములు కోసినవారము, మహానైవేద్యము వండినవారము మేము. పెట్టె కడిగినది మేము, పట్టుగుడ్డ ఉతికి యారవేసినది మేము. కాని లోపలనున్న రాయిని మాత్రము ఆడవారు తాకరాదు. అభిషేకపు నీరు కంచు పళ్లెరములో పడుచుండగా మేము గడపకీవల నిలిచి చూచుచుండెడివారము. తీర్థము మా చేతిలో పోసినపుడే ఆ రాతి చల్లదనము మాకు ముట్టెడిది.

మామగారి తరువాత పెద్ద బావగారును, వారి తరువాత రెండవవారును అర్చన చేసిరి. రెండవవారును గతించి రెండు సంవత్సరములైనది. కుమారులలో ఒకరు భాగ్యనగరమునను, ఒకరు దూరదేశమునను గలరు. వారి యిండ్లలో మడికి చోటు లేదు, తీరిక లేదు. పురోహితుడుగారు కొన్ని నెలలు వచ్చి నాలుగు చెంబుల నీళ్లు పోసి పోయిరి. పిమ్మట ఒకనాడు, "అమ్మా, పూజలేని సాలగ్రామం ఇంట్లో ఉండకూడదు. ఏ గుళ్లోనైనా ఇచ్చేయండి, లేదా గోదావరిలో విడిచిపెట్టేద్దాం. కార్తికం వెళ్లాక మంచిరోజు చూస్తాను" అనిరి. మేము తలయూపితిమి. ఆ రాత్రి యిద్దరమును అన్నము ముట్టలేదు.

ఇట్లుండగా కార్తిక ప్రారంభమున మాలో పెద్దవారి మనుమరాలు సెలవుమీద వచ్చినది. ఆ పిల్ల ఇంగ్లండు ఉత్తరభాగమున ఆసుపత్రిలో వైద్యురాలు. మాకు చీరలు, తైలములు, చాక్లెట్లు తెచ్చి, చిట్టచివర చేతిరుమాలులో చుట్టిన యొక రాతిని పెద్దవారి ఒడిలో పెట్టినది. అరచేయి నిండునంత చుట్ట. దానిని చూచి మే మిద్దరమును ఒక్కమారే దేవతార్చన పెట్టెవైపు చూచితిమి.

"ఇదెక్కడి సాలగ్రామమే?" అని పెద్దవారు చేయి వెనుకకు తీసికొనిరి.

"సాలగ్రామం కాదు మామ్మా. దీని పేరు హిల్డోసెరాస్. విట్బీ అని సముద్రపొడ్డు ఊరు, అక్కడి అంగట్లో కొన్నాను. ముట్టుకోవచ్చు, దీనికి మడి లేదు" అని నవ్వినది.

ముట్టుకొంటిమి. అట్టి చుట్టను చేతితో తాకుట మాకు జీవితమున అదియే మొదలు.

ఆ పిల్ల యున్న మూడువారములును రాత్రి భోజనములైన పిమ్మట ఆ రాతి కథయే. కొంత ఆమె చెప్పినది, కొంత పుస్తకములు చదివి వినిపించినది. మాకు పట్టుబడినంత సోదరీమణులకు చెప్పెదము.

హిల్డోసెరాస్ అనునది ఒకానొక జలజంతువుల తెగపేరు. అవి సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందట, భూశాస్త్రవేత్తలు జురాసిక్ అను యుగపు తొలిభాగమున, నేటి యూరపు ఖండమును కప్పియుండిన వెచ్చని సముద్రములలో నీదులాడినవి. ఇట్టి చుట్టశంఖముల జంతువు లన్నిటికిని అమ్మోనైటు లని మొత్తపు పేరు. ఈజిప్టువారి అమ్మోను దేవునికి పొట్టేలు కొమ్ములు గలవు; ఈ చుట్టలు ఆ కొమ్ములవలె నుండుటచేత ఆ పేరు వచ్చినది. హిల్డోసెరాసును గుర్తుపట్టుట సులభము. చుట్ట పలుచగా, ప్రక్కలు చదునుగా నుండును. ప్రతి చుట్ట నడుమను వేలిగోటితో గీచినట్లు ఒక గాడి వరుసగా పోవును. గాడికి లోపలివైపు నునుపు. వెలుపలివైపు కొడవలివలె వంగిన గీతలు. వెలుపలి యంచున నడుమ ఒక గట్టు, దాని కిరుప్రక్కల రెండు కాలువలు. మా చేతిలోనిది ఆ తెగలో బైఫ్రాన్స్ అను రకము. ఆ మాటకు రెండు మొగములదని యర్థమట. బ్రూగియేర్ అను ఫ్రెంచి పండితుడు 1789లో దానిని వర్ణించెను. తెగకు హిల్డోసెరాస్ అని పేరుపెట్టినది ఆల్ఫియస్ హయట్ అను అమెరికా పండితుడు, 1867లో.

"అది శంఖమా, నత్తయా?" అని మేము అడిగితిమి. రెండును గాదట. దాని చుట్టములు ఎనిమిది చేతుల ఆక్టోపసును, మన పచారికొట్లలో సముద్రపు నురుగని అమ్ముదురే, ఆ తెల్లని పెంకును వీపులో దాచుకొన్న జంతువును. చెవిలో చీముకారినపుడు మా అత్తగారు ఆ నురుగు నూరి వాడెడివారు. అది యొక జీవి పెంకని ఆవిడ యెరుగరు, మేమును ఎరుగము.

ఆ జంతువు ఇల్లు కట్టుకొను తీరు మాకు మిగుల నచ్చినది. పుట్టినపుడు గదిలోపల చిన్న గది. పెరిగినకొలది ముందుకు జరిగి, పెద్ద గది కట్టి, వెనుకటి గదికి గోడ పెట్టివేయును. అట్లు గది తరువాత గది చుట్టును తిరుగుచు పోవును. తాను మాత్రము అన్నిటికంటె కడపటి గదిలోనే కాపురముండును. మూసిన గదులన్నిటిలో నుండి ఒక సన్నని గొట్టము వెనుకకు పోవును. దానిద్వారా గదులలోని నీటిని తీసివేసి, గాలి నిండినదై నీటిలో తేలుచుండును. పాత గదులు ఖాళీగా నుండుటవలననే అది మునుగక నిలుచుచున్నదన్నమాట. మా లోగిలియు నట్లే యున్నది. పదునాలుగు గదులలో పదకొండింటికి తాళములు. మేము వీధివైపు గదిలో కాపురము. అయితే మూసిన గదులు మమ్ము తేల్చుచున్నవో ముంచుచున్నవో చెప్పజాలము.

అమ్మోనైటులలో ఒకే రకమునకు చిన్న చుట్టలు, పెద్ద చుట్టలు అని రెండు విధములు దొరకును. పెద్దవి ఆడవనియు చిన్నవి మగవనియు పండితులు పలువురు తలంతురు. మా పిల్ల ఈ మాట చెప్పినపుడు పెద్దవారు, "పోనీ, ఎక్కడో ఒకచోట" అని వక్క నోట వేసికొనిరి.

ఇక ఆ హిల్డా యెవరో చెప్పవలయును. ఆమె ఇంగ్లండుదేశపు రాజకుటుంబమున 614లో పుట్టిన క్రైస్తవ సన్న్యాసిని. ముప్పదిమూడేండ్లు గృహమునందును, తరువాత ముప్పదిమూడేండ్లు మఠమునందును గడపెనని బీడు అను సన్న్యాసి 731లో ముగించిన తన చరిత్రలో వ్రాసియున్నాడు. 657లో ఆమె విట్బీ కొండకొమ్మున మఠము స్థాపించెను. అందు స్త్రీలును పురుషులును వేరువేరుగా నివసించుచు, అందరును ఆమె ఆజ్ఞకు లోబడియుండిరి. అచట చదివిన పురుషులలో ఐదుగురు బిషప్పులైరి. రాజులు వచ్చి ఆలోచన లడిగెడివారు. ఎరిగినవా రెల్లరు ఆమెను అమ్మా యని పిలిచెడివారట. కాడ్మను అను పసులకాపరి, విందులలో పాడుమని తన వంతు వచ్చుసరికి సిగ్గుతో లేచిపోవు వాడు, ఒకనాడు స్వప్నమున పాట నేర్చి వచ్చెను. ఆమె వానిని పరీక్షించి మఠమున చేర్చుకొనెను. ఆంగ్లభాషలో పేరు తెలిసిన తొలి కవి యతడే యందురు.

664లో ఆ మఠమున నొక మహాసభ జరిగినది. ఈస్టరు పండుగ యేనాడు చేయవలయునన్నది తగవు. రోమువారి లెక్క యొకటి, ఐర్లండువారి లెక్క యొకటి. మనలో స్మార్తుల యేకాదశి, వైష్ణవుల యేకాదశి యని యొకే యింట రెండు దినములు పొయ్యి మాన్పించు తగవు లున్నవిగదా! హిల్డా ఐర్లండువారి పక్షము. తీర్పు రోమువారికి వచ్చెను. ఆమె మఠము విడిచిపోలేదు, కలహింపలేదు. కడపటి ఆరేడు సంవత్సరములు రోగముతో కృశించుచునే బోధించుచు 680లో గతించెను.

పాముల కథ ఆమె కాలమునాటిది గాదు. బీడు పుస్తకములో పాముల యూసే లేదు. తరువాత జనులు అల్లుకొన్నది. మఠము కట్టదలచిన కొండ పాములతో నిండియుండ, ఆమె ప్రార్థించి వానినన్నిటిని రాళ్లుగా మార్చి సముద్రమున పడద్రోసెనట. అందుచేతనే ఆ తీరమున నేటికిని పాముచుట్టలు దొరకుచున్నవట. వానికి తలలు లేవేమని యడిగినవారికి, కత్బర్టను మరియొక మహాత్ముని శాపమువలన తలలు రాలిపోయినవని చెప్పుదురు. వర్తకులు ఇంకను తెలివిగలవారు. చుట్ట చివర పాముతల చెక్కి అమ్మిరి! హిల్డోసెరాసునకే గాక, ఆ తీరమున విరివిగా దొరకు డాక్టిలియోసెరాస్ అను మరియొక తెగకును తలలు మొలిపించిరి. ఆ పట్టణపు చిహ్నమునందు మూడు పాముచుట్టలున్నవి. స్కాటు కవి 1808లో ప్రకటించిన మార్మియను కావ్యమునందును ఈ కథ కలదు. మా పిల్ల ఆ కొండకు 199 మెట్లు లెక్కపెట్టుచు ఎక్కినదట. పైన నిపుడు మఠము లేదు. హిల్డా కట్టినది 9వ శతాబ్దమున డేనుల దాడులలో నశించెను. తరువాత కట్టినదానిని 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మూయించెను. మొండిగోడలు మాత్రము నిలిచియున్నవి.

ఆ కొండ రాతిని గూర్చి రెండు ముచ్చట్లు చెప్పక ముందుకు పోజాలము. హిల్డోసెరాసు దొరకు నల్లని పొరలరాయినుండియే పూర్వము పటిక తీసెడివారు. రాతిని గుట్టలుగా పోసి నెలలతరబడి కాల్చి, నీట నానవేసి, ఆ నీటిలో మనుష్యుల మూత్రము కలిపెడివారట. అద్దకపు రంగు బట్టకు పట్టుటకు పటిక కావలెను గనుక గిరాకి మెండు. మూత్రమును పీపాలతో లండనునుండి ఓడలమీద తెప్పించెడివారు. 1871 వరకు ఆ పని సాగినది. ఇది విని మేము ఆ రాత్రి ఆ చుట్టను పసుపునీటితో కడిగితిమి. కొన్నది శుభ్రమైన అంగడిలోనే యని పిల్ల యెంత చెప్పినను వినలేదు.

రెండవది జెట్టు. దానికి కొంచెము దిగువ పొరలో, అదే సముద్రమున మునిగిన మ్రాకులు నల్లని నిగనిగలాడు రాయిగా మారినవి. అది తేలిక, చెక్కుటకు అనువు. 1861లో భర్త పోయిన పిమ్మట విక్టోరియా రాణి ఆ నల్లని నగలు ధరింపగా, దేశమందలి స్త్రీలందరును దుఃఖదినములలో వానినే ధరించిరి. విట్బీ వీధులన్నియు ఆ పనివారితో నిండిపోయినవి. మాలో పెద్దవారికి ముప్పదినాలుగవయేట పసుపుకుంకుమలు పోయినవి. చేతులకు గాజులుండరాదని నాడు చెప్పినవారే గాని, దుఃఖమున కొక నగ యుండవచ్చునని చెప్పినవారు లేరు. దీనిని గూర్చి ఆమె ఇంతకంటె వ్రాయవద్దనుచున్నారు.

ఒకరాత్రి మాలో చిన్నది అడిగినది: "మన సాలగ్రామములో నున్న చుట్టయు నిదేనా?"

పిల్ల కొంచెము తటపటాయించినది. మా మనస్సు నొచ్చునని కాబోలు. పిమ్మట చెప్పినది. నేపాళమున ముక్తినాథము చెంత పారు కాళీగండకీ నది, హిమాలయముల నల్లని పొరలరాతిని కోసికొని వచ్చును. ఆ రాతిలోని గుండ్లే సాలగ్రామములు. వానిలో పెక్కింటి నడుమ అమ్మోనైటులున్నవి. అయితే మన దానిలోనిది హిల్డోసెరాసు గాదు. మూడు కోట్ల యేండ్లకు పైగా తరువాత పుట్టినది, వేరు తెగ, దూరపు దాయాది. అప్పటికి హిమాలయము లేదు. మన దేశమునకును ఆసియా భూభాగమునకును నడుమ టెథిస్ అను సముద్రముండెను. మన భూమి మెల్లగా ఉత్తరమునకు జరిగి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను ఒరసికొనగా, ఆ సముద్రపు టడుగు మడతలుపడి పైకిలేచి పర్వతమైనది. అందుచేతనే పండ్రెండువేల యడుగుల యెత్తున కడలి జీవులు దొరకుచున్నవి. ఆ తెగలన్నియు, అమ్మోనైటుల వంశమే సమూలముగా, 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట అంతరించినవి. హిల్డోసెరాసు అంతకు ఎంతోముందే పోయినది. భూమి లెక్కలో అది బ్రతికినది అల్పకాలమే. అట్లు కొలదికాలమే యుండుటచేతనే పండితులకది యుపయోగము. ఏ రాతిలో అది కనబడునో ఆ రాయి ఏనాటిదో వెంటనే తెలిసిపోవును. ఎక్కువకాలము బ్రతికినవానికి ఆ ప్రయోజనము లేదట!

అంతయు విని పెద్దవారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అంటే ఇన్నాళ్లూ చేపకా మనం మడినీళ్లు పోసింది?" అనిరి.

"చేప కాదు మామ్మా" అని పిల్ల.

"సరే, చేప చుట్టం."

చిన్నది ధైర్యము చేసి, "మత్స్యావతారానికి లేని దోషం దీనికి వచ్చిందా అక్కయ్యా?" అన్నది. పెద్దవారు నవ్విరి. కాని ఆ రాత్రి ఆమె నిదురింపలేదని మంచము చప్పుడువలన తెలిసినది. దేవుడు జలజంతువైనందుకు గాదు ఆమె బాధ. ఆ విషయ మామె యంతలోనే సర్దుకొనిరి. గోదావరిలో విడువవలసిన దినము దగ్గరపడుచున్నది, అదియే బాధ.

మరునాడు మా పిల్ల మరియొక యాడుదాని కథ చదివి వినిపించినది. మేరీ ఆనింగు అను పేదపిల్ల ఇంగ్లండు దక్షిణతీరమున లైమ్ రీజిస్ అను నూరిలో 1799లో పుట్టినది. తండ్రి వడ్రంగి, ఆమె పదునొకండవయేటనే పోయెను. అమ్మోనైటులేరి బాటసారులకమ్మి ఆ కుటుంబము పొట్టపోసికొన్నది. కొండచరియలు విరిగిపడు చలికాలములో సుత్తి పట్టుకొని తిరిగి, మహాసర్పములవంటి జలజంతువుల యస్థిపంజరములను త్రవ్వితీసినది. 1823లో ఆమె కనుగొన్న ప్లీసియోసారు లోకమును ఆశ్చర్యపరచినది. పండితులు వానిని కొని, సభలలో వ్యాసములు చదివి, పేరు గడించిరి. ఆమెకు ఆ సభలలో ప్రవేశము లేదు. 1847లో ఆమె మరణించెను; లండను భూశాస్త్ర సంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొన్నది 1919లో. రాయి కనుగొన్న చేయి ఆమెది. పుస్తకమున పేరు వేరొకరిది.

"వాళ్లకీ అంతేనన్నమాట" అని పెద్దవారు తులసికోటవైపు చూచుచు ఊరకుండిరి. పిమ్మట మెల్లగా బృంద కథ యెత్తుకొనిరి.

ఆ కథ యెరుగని తెలుగింటి స్త్రీ యుండదు. జలంధరుని యిల్లాలు బృంద మహాపతివ్రత. ఆమె పాతివ్రత్యము చెడినగాని భర్త చావడు గనుక, విష్ణువు భర్త రూపమున వచ్చి వంచించెను. ఆమె తెలిసికొని, రాయివి కమ్మని స్వామిని శపించి, అగ్నిలో పడెను. ఆమె తులసియైనది, ఆయన సాలగ్రామమైనాడు. ఏటేట క్షీరాబ్ధి ద్వాదశినాడు వారికి పెండ్లి. ఈ కథను మేము పదుల కొలది మారులు విన్నాము, పిల్లలకు చెప్పినాము. కాని ఆ దినము పెద్దవారు చెప్పుచు నడుమ ఆగి, ఇట్లనిరి:

"ఆ దేశంలో ఆడది ప్రార్థిస్తే పాములు రాళ్లయ్యాయి. మన దేశంలో ఆడది శపిస్తే దేవుడే రాయయ్యాడు. ఆయన్ని రాయిని చేసింది ఆడదాని నోరు. తులసి పొద్దస్తమానం ఆయన నెత్తిమీదే కూర్చుంటుంది. మరి మన చెయ్యి తగిలితే ఏమొచ్చిందే?"

చిన్నదానికి బదులు తోచలేదు. అరువదియేండ్లుగా మడికి మారుపేరైన మనిషి. పొయ్యిమీద పాలు పొంగినను తడిబట్ట లేనిదే దింపని మనిషి. ఆమె నోట ఈ మాట వచ్చునని మాలో నెవరమును అనుకొనలేదు, ఆమెయు ననుకొనలేదేమో.

నిజము చెప్పవలయునన్న మాకు భయమే వేసినది. శాస్త్రజ్ఞానము భయమును తీర్చునని పుస్తకములలో వ్రాయుదురు. మాకు తీరలేదు. ఆ రాయి 15 కోట్లయేండ్ల నాటిదని తెలిసిన తరువాత తాకుట మరింత కష్టమైనట్లు తోచినది. పైగా ఇంటి మగపిల్లలు ఏమందురో, ఊరివారు ఏమందురో, ఏ చిన్న కీడు వచ్చినను దీనివలననే యందురో. మనుమరాలికి తలనొప్పి వచ్చినను మేమే కారణమని మేమే అనుకొందుము. మూడు దినములు మే మిద్దరమును ఆ మాట యెత్తలేదు.

క్షీరాబ్ధి ద్వాదశి తెల్లవారుజామున చిన్నది నూతివద్దకు పోవుసరికి పెద్దవారు అప్పటికే స్నానము ముగించి, తడిబట్టతో చేద పట్టుకొని యున్నారు. ఏమియు అనలేదు. ఇద్దరము నీళ్లు మోసికొని వచ్చితిమి. గడపవద్ద, అలవాటుచొప్పున, పాదములు ఆగిపోయినవి. చిన్నది, "అక్కయ్యా, ముందు మీరు" అన్నది. "కాదు, నువ్వే. పురుషసూక్తం వింటూ వింటూ నీకే బాగా వచ్చింది" అని ఆమె. అట్లు వాదించుకొనుచునే ఇద్దరము గడప దాటితిమి.

పెట్టె తెరచితిమి. పెద్దవారు రెండు చెక్కల సాలగ్రామమును రెండు చేతులతో తీసిరి. చేతులు వణకుచుండెను; చలివలన గాదు. అది మే మనుకొన్నదానికంటె బరువుగా నుండెను. ఇంతకాలము కంటితో చూచినపుడు నిమ్మపండంత తేలికయని తలచియుంటిమి. తెరచి చూచితిమి. చుట్టమీద చుట్ట, గీతలు దువ్వెన పండ్లవలె వరుసగా నున్నవి, నూరేండ్ల చందనము గీతల నడుమ పేరుకొనియున్నది. చిన్నది నీళ్లు పోసినది. పెద్దవారు బొటనవ్రేలితో ఆ చందనమును మెల్లమెల్లగా తీసిరి, పసిపిల్లకు తలంటినట్లు. మంత్రము రెండుచోట్ల తప్పినది. మరల మొదటినుండి చెప్పితిమి. తులసికోటవద్ద ఉసిరికొమ్మ నాటి, సాయంకాలము దీపములు పెట్టి, పెండ్లియు మేమే చేసితిమి. మా పిల్ల గడపకీవల కూర్చుండి చూచుచుండెను. లోనికి రమ్మనగా, "నాకు మంత్రాలు రావు, ఇక్కడే బాగుంది" అన్నది.

మరునాడు పురోహితుడుగారు, గోదావరికి పోవు దినము నిర్ణయించుటకు పంచాంగముతో వచ్చిరి. దేవతార్చన చూచిరి, పువ్వులు చూచిరి, మమ్ము చూచిరి. సంగతి చెప్పితిమి. ఆయన పంచాంగము తెరచి మూసి, చాలసేపు నిలుచుండి, "నేను చెయ్యమనీ చెప్పను, వద్దనీ చెప్పను" అనిరి. పిదప వాకిలివరకు పోయి మరల వచ్చి, తీర్థమునకు కుడిచేయి చాచిరి. పోవునపుడు మాత్రము, తాను తీర్థము పుచ్చుకొన్న మాట ఊరిలో చెప్పవద్దని బ్రతిమాలిరి. చెప్పలేదు. ఈ వ్యాసములో ఆయన పేరు లేకుండుటకు కారణమదియే.

మా పెద్దకుమారునికి ఫోనులో చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "రోజూ నూతినుంచి నీళ్లు మొయ్యకండి, జారిపడతారు" అని మాత్రము అనెను. రెండవవాడు ఇంకను ఏమియు అనలేదు. వాని మౌనమున కర్థమేమో మాకు తెలియలేదు.

హిల్డాదేవి పామును పూజలో పెట్టలేదు. పెట్టవలయునా యని పెద్దవారు ఒకమారు అడిగిరిగాని, అది పూజ నెరుగని రాయి, దాని కది అలవాటు లేదని మేమే తేల్చుకొంటిమి. వీధిగది కిటికీలో, పెద్దవారి మందుసీసాల ప్రక్క నున్నది. మధ్యాహ్నము ఎండ పడినపుడు నడుమ గాడి చక్కగా కనబడును. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి, పాముకు తల యేదని యడుగుచుందురు.